కూర్చోవడం చేతకాని షైస్తా

షైస్తాకు అన్నీ చేతనవును గానీ కూర్చోవడం ఒక్కటే చేతకాదు. ప్రొద్దుటూరులో పుట్టిన నాటి నుంచీ అంతే. అన్నం నిలబడే తింటుంది. ఫోన్ మాట్లాడుతూ నేల తుడుస్తుంది. నిద్రలో కూడా దుప్పటి మడతలు సర్దుతుంటుందని ఆమె భర్త ముర్తుజా నలుగురిలో చెప్పి నవ్వుతాడు. అలాంటి మనిషిని తీసుకొచ్చి, చలికి నీళ్ళు కూడా కదలడం మానేసే కొండ మీద కాపురం పెట్టించాడు. అక్కడొచ్చింది చిక్కంతా.

ఒమాన్ అనగానే ఎండ, ఇసుక అనుకుంటాం. షైస్తా కూడా అదే అనుకుని పిల్లలకు పల్చటి నూలు గౌన్లు సర్దుకొచ్చింది. జెబెల్ అఖ్దర్ కొండ సంగతి ఆమెకు చెప్పిందెవరు? కింద చెక్‌పోస్టు దాటి మెలికల రోడ్డు మీద కొండంతా ఎక్కితే వచ్చే సైక్ ఊళ్ళో, జనవరి పొద్దున కొళాయి తిప్పితే నీళ్ళు రావు. గొట్టంలోనే గడ్డకట్టి ఉంటాయి. ముర్తుజా అక్కడ ఒక హోటల్లో కరెంటు పనులు చూసే సూపర్‌వైజర్. ఎనిమిదేళ్ళు అతను కంపెనీ రూమ్‌లో, ఆమె ప్రొద్దుటూరులో. "ఈసారి వీసా రెన్యువల్ కానీ, పిలిపించుకుంటా, ఆగు" అనేవాడు ఫోన్లో. రెండేళ్ళకోసారి రెన్యువల్. రెండేళ్ళు, ఇంకో రెండేళ్ళు, ఇంకో రెండేళ్ళు. చివరికి షైస్తాకు 'ఆగు' అనే మాట చెవిన పడితేనే ఒళ్ళు మండే జబ్బు పట్టుకుంది. అదేమీ తప్పు కాదు, మీరూ నేనూ అయినా అంతే.

అతను సూపర్‌వైజర్ అయ్యాక ఫ్యామిలీ వీసా దొరికింది. పోయిన నవంబరులో ఇద్దరు కూతుళ్ళను వెంటేసుకుని కొండెక్కింది షైస్తా. పెద్దది మదీహాకు పదమూడు, చిన్నది ముస్కాన్‌కు ఎనిమిది. కంపెనీ ఇచ్చేది రూమ్ మాత్రమే, ఇల్లు కాదు. ఆ ఊళ్ళో ఫ్యామిలీకి అద్దె ఇల్లు దొరకడం గగనం. వెతగ్గా వెతగ్గా నాదియా అనే ఆవిడ తన పుట్టింటి పాత ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. రిటైరైన టీచరామె, కింద నిజ్వాలో ఉంటుంది. ఊళ్ళో అందరూ ఉస్తాదా అని పిలుస్తారు, టీచరమ్మ అన్నమాట. ఒకటే షరతు పెట్టింది. ఇంటి వెనక కొండవాలులో మెట్లు మెట్లుగా ఉన్న మూడు మడుల దొడ్డి వీళ్ళే చూసుకోవాలి. గులాబీలు పూసే వేళకు వస్తానని, దొడ్డి బాగుంటే ఇల్లు మీకే ఉంచుతానని, లేదంటే టూరిస్టుల గెస్ట్‌హౌస్‌కు ఇచ్చేస్తానని చెప్పింది. ఇల్లు పోతే ముర్తుజా మళ్ళీ రూమ్‌కు, షైస్తా పిల్లలతో మళ్ళీ ప్రొద్దుటూరుకు. మధ్యేమార్గం లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ముస్కాన్‌తో సహా.

చలికాలమంతా ఊపిరి సలపని పని. స్కూలు కొండ కింద. హోటల్ స్టాఫ్ పిల్లలకని ఉన్న ఒకే ఒక ఫోర్‌వీల్ బండి ఐదున్నరకల్లా గుమ్మం ముందు హారన్ కొడుతుంది. ఆలోపల టిఫిన్లు, డబ్బాలు, రెండు తలల్లో నాలుగు జడలు, ముస్కాన్ ఎక్కడో పారేసిన ఒంటి సాక్సు. ఉతికి ఆరేసిన ప్యాంట్లు తీగ మీద అట్టల్లా బిగుసుకుపోయేవి. దోసెల పిండి మూడురోజులైనా పులిసేది కాదు. నాలుగోనాడు ముర్తుజా డ్యూటీకి పోబోతూ తన మందపాటి జాకెట్ కోసం ఇల్లంతా వెతికితే, దాన్ని హీటర్ పక్కన పిండిగిన్నె తొడుక్కుని ఉంది. ఆ రోజు అతను శాలువా కప్పుకుని డ్యూటీకి పోయాడు. దోసెలు మాత్రం బాగా వచ్చాయి.

దొడ్డితో మాత్రం ఆమెకు పొసగలేదు. తొందరపడి జనవరిలోనే గోంగూర విత్తనం చల్లింది. రెండాకులు వేసిందని సంబరపడేలోపల ఒక పొద్దున మంచు పడి మొత్తం నల్లగా మాడిపోయింది. "చలి పోనీ, అప్పుడు చల్లుకుందువు, కాసేపు కూర్చోవే" అన్నాడు ముర్తుజా. కాసేపు కూర్చోవే అనేది అతని ఊతపదం. ఆమె వినిపించుకోకపోవడం ఆమె అలవాటు.

రంజాన్ నెల చివరికొచ్చేసరికి ఎండ కాస్త వెచ్చబడింది. పండుగ అయిన మూడోరోజు నాదియా ఫోన్ చేసి, పై శుక్రవారం వస్తున్నానని చెప్పింది. పిల్లలు పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉన్నారు. ఇక చూడండి షైస్తా అవతారం. కొంగు నడుముకు దోపి, ముర్తుజా పాత హోటల్ గ్లవ్స్ తొడుక్కుని దొడ్లోకి దిగింది. గులాబీ పొదల్లో ఎండిన ముళ్ళకొమ్మలు ఏరి కత్తిరించింది. మట్టి గుల్లచేసి మేకల ఎరువు వేసింది. కూలిన మడిగట్టు రాళ్ళు మదీహా అందిస్తుంటే మళ్ళీ పేర్చింది. ఆ ఊరికి నీళ్ళు ఫలజ్‌లో వస్తాయి, అంటే కొండ ఊట నుంచి తెచ్చిన రాతికాలువ. ఎవరి వంతు వాళ్ళకుంటుంది. ఈ దొడ్డికి ఎనిమిది రోజులకోసారి అరగంట. ఆ అరగంటా షైస్తా కాలువకు అడ్డం పెట్టిన గుడ్డమూట లాగి, పారతో మడి మడికీ పరుగులు తీస్తూ ఒక్క చుక్క వృథా పోనిచ్చేది కాదు. ఖుబానీ చెట్లు, అవే ఆప్రికాట్లు, రెండూ పూత పూశాయి. దానిమ్మలు ఎర్రటి చిగురు వేశాయి. చూస్తుంటే కడుపు నిండినట్టుండేది.

అంతా బాగానే ఉంది గానీ, నడిమి మడిలో ఒక చెట్టు మాత్రం ఆమె కంట్లో నలుసైంది. రెండు నిలువుల ఎత్తు. బూడిదరంగు మాను, బోడి కొమ్మలు. నవంబరులో ఆమె వచ్చేనాటికే ఆకు రాలుస్తోంది. డిసెంబరు నుంచి మోడే. చుట్టూ అన్నీ పచ్చబడుతుంటే అదొక్కటే ఎండుకట్టెలా నిలబడి ఉంది. ప్రొద్దుటూరులో వాళ్ళ గుమ్మం ముందున్న వేపచెట్టు కూడా ఆకు రాలుస్తుంది, కాదనలేదు. కానీ రాల్చిన పది రోజులకే గలగలలాడుతూ చిగురు తొడుగుతుంది. మూడు నెలలకు పైగా బోడిగా నిలబడ్డ చెట్టు బతికుందని ఆమె ఎట్లా అనుకుంటుంది? ఒక రెమ్మ విరిచి చూసింది. పుటుక్కున విరిగింది. అంతే, తీర్మానం చేసేసింది.

సోమవారం పొద్దున డ్యూటీకి పోతున్న భర్తతో అంది, ఆ చచ్చిన చెట్టు కొట్టేస్తానని. ముర్తుజాకు కరెంటు తీగల సంగతి తెలుసు గానీ చెట్ల సంగతి ఏం తెలుసు? బూట్లు తొడుక్కుంటూ, "ఆగు, ఉస్తాదా వచ్చినాక అడుగుదాం" అన్నాడు.

ఆగమన్నాడు. ఇంకేం మాటా దొరకలేదు ఆ మనిషికి.

అతని బండి మలుపు తిరిగిందో లేదో, షైస్తా అతని పనిముట్ల డబ్బాలోంచి రంపం తీసింది. నిచ్చెన వేసుకుని, మదీహాను పట్టుకోమని, పైనుంచి ఒక్కొక్క కొమ్మా కోయడం మొదలుపెట్టింది. కట్టె గట్టిది. చేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం అన్నం వండి, పిల్లలకు పెట్టి, తను నిలబడే నాలుగు ముద్దలు మింగి మళ్ళీ ఎక్కింది. ఎనిమిదేళ్ళ ఆగడమంతా ఆ రంపంలోకి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు. సాయంత్రానికి మాను ఛాతీ ఎత్తున మిగిలింది, పక్కకు సాగిన ఒకే ఒక్క కొమ్మతో. ఆ కొమ్మ దగ్గర రంపం బిగుసుకుపోయి లాగితే రాలేదు. రేపు చూద్దాంలే అని దిగింది.

ముర్తుజా వచ్చి చూసి తల పట్టుకున్నాడు గానీ గొడవ చేయలేదు. దొడ్డి కళకళలాడుతోందని, ఎండు మోడు పోతే ఇంకా బాగుందని తనకు తానే సర్దిచెప్పుకుని లోపలికి పోయాడు.

మంగళవారం పొద్దున ముస్కాన్ పరుగెత్తుకొచ్చి, చెట్టు కింద అంతా బురదగా ఉందని చెప్పింది. ఫలజ్ నీళ్ళు ఎవరో తిప్పారనుకుంది షైస్తా. కానీ వీళ్ళ వంతు మొన్ననే అయిపోయింది. పైగా కాలువ పొడిగా ఉంది. వెళ్ళి చూసింది. కోసిన ప్రతిచోటా తెల్లటి కట్టె మీంచి నీళ్ళు ఊరుతున్నాయి. ఒక్కొక్క చుక్కే, ఆగకుండా, మాను వెంబడి కిందికి. గ్లవ్ తీసి వేలితో ముట్టి నాలుక మీద పెట్టుకుంది. కొంచెం తియ్యగా ఉంది. మదీహా కింద పడ్డ కొమ్మ ఒకటి తీసి గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది.

"అమ్మీ, ఇది బతికే ఉండాది" అంది మదీహా మెల్లగా. "సైన్సు పుస్తకంలో ఉండాది మా. చలి దేశాల్లో కొన్ని చెట్లు చలికాలమంతా నిద్రపోతాయంట."

షైస్తా ఆ కొమ్మ లాక్కుని చూసింది. "ఆ ముక్క నిన్న నిచ్చెన పట్టుకున్యప్పుడు చెప్పకూడదా?"

"మనం ఉండేది ఒమాన్ కదా అనుకున్యా" అంది ఆ పిల్ల. ఏమంటాం? నిజమే మరి. ఒమాన్‌లో చలి దేశం ఉంటుందని ఏ పాఠంలో రాశారు?

ఆ మూడు రోజులూ షైస్తా కాలుకాలిన పిల్లే. గంటకోసారి దొడ్లోకి పోయి చూసేది. చుక్కలు ఆగలేదు. గుడ్డపీలికలు చుట్టింది, తడిసి ఊడిపోయాయి. ముర్తుజా తన డబ్బాలోంచి కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్లు తొడిగి, వాటిమీద టేపు బిగించి, ఒక్కొక్క గాయానికీ కట్టుకట్టాడు. ఇరవై ఏళ్ళుగా తీగలకు చుడుతున్న చెయ్యి, కట్టు మాత్రం అందంగా వచ్చింది. మర్నాటికి కవర్లు నీళ్ళతో ఉబ్బి కూర్చున్నాయి. కోసిన కొమ్మలన్నీ షైస్తా ఒక్కతే ఈడ్చుకెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక దాచింది. రెండుసార్లు సూట్‌కేసు కిందికి దింపింది, రెండుసార్లు మళ్ళీ అటక మీద పెట్టింది.

గురువారం సాయంత్రం ముర్తుజా ఒక ఉపాయం చెప్పాడు. గాలికి విరిగిందని చెబుదామన్నాడు. కొండ మీద గాలికేం తక్కువ?

"గాలి రంపం తెచ్చుకున్యాదా అబ్బా?" అంది మదీహా. అసలే ఆ రంపం ఇంకా చెట్టులోనే ఇరుక్కుని ఉంది. దాన్ని లాగితే ఉన్న ఒక్క కొమ్మా పోతుందని భయపడి ఎవరూ ముట్టుకోలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక నాదియా వచ్చింది. అరవై దాటిన మనిషి, ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, చేతిలో కర్ర, అయినా నిటారు నడక. నిజ్వా బజారులో దుకాణాలన్నీ మనవాళ్ళవే కాబట్టి ఆమెకు హిందీ బాగానే వచ్చు, షైస్తాకు ఉర్దూ ఉండనే ఉంది, ఇద్దరికీ మాట కలిసేది ఆ దారిలోనే. షైస్తా ఖర్జూరాలు, కాఫీ పెట్టింది. నాదియా తాకలేదు. నేరుగా దొడ్లోకి నడిచింది. గులాబీ పొదలు చూసింది, పేర్చిన గట్లు చూసింది, తల ఊపింది. షైస్తాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ తర్వాత నడిమి మడి దగ్గర నాదియా ఆగిపోయింది.

నల్ల టేపు చుట్టిన మోడు. ఉబ్బిన ప్లాస్టిక్ కవర్లు. మధ్యలో నోరు తెరుచుకుని రంపం.

నాదియా దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత కర్రతో టేపును తడుతూ ముర్తుజా వైపు చూసి, "దీనికి కరెంటు ఇచ్చావా?" అని అడిగింది. నవ్వడం లేదు. ముర్తుజా "గాలికి..." అని ఏదో మొదలుపెట్టబోయాడు.

"నేనే కోసినా, ఉస్తాదా" అంది షైస్తా. "ఆయన ఆగమన్నాడు. నేను ఆగలేదు. చచ్చిపోయిందనుకున్నా. ఇన్నాళ్ళు ఆకు లేకుండా చెట్టు బతుకుతుందని నాకు తెలియదు. మర్నాడు నీళ్ళు కారేదాకా తెలియదు. కొమ్మలు ట్యాంకు వెనక దాచినా, అది కూడా నేనే."

నాదియా మడిగట్టు మీద కూర్చుంది. షైస్తా ఈడ్చినప్పుడు అక్కడే రాలిపడ్డ చిన్న రెమ్మ ఒకటి తీసుకుని, దాని కొసన ఉన్న మొగ్గను వేలితో నలిపింది. అది అక్రోటు చెట్టట. ఆ దొడ్లో అన్నిటికంటే చివర లేచేది అదేనట. వాళ్ళమ్మ పెట్టిందట. తనకు పెళ్ళై నిజ్వా పోయినా, ఏటా కాయలు రాలగానే అమ్మ సంచి నింపి పంపేదట. అమ్మ పోయాక తనే వచ్చి ఏరుకుంటోందట. ఇదంతా చెబుతున్నప్పుడు ఆమె గొంతు పెరగలేదు. అరిచినా బాగుండేది అనుకుంది షైస్తా. తిట్లకు తట్టుకోగలదు గానీ ఈ నెమ్మది గొంతుకు తట్టుకోలేకపోయింది.

"సామాను సర్దుకుంటాం, ఉస్తాదా" అంది.

అప్పుడొచ్చింది నాదియాకు కోపం. ముప్పయ్యేళ్ళు పిల్లల్ని దడిపించిన గొంతు బయటికొచ్చింది. సర్దుకుని ఎక్కడికి పోతావని అడిగింది. చెట్టు నరికి చేతులు దులుపుకుని పోదామనుకున్నావా అంది. వేరు బతికే ఉందని, మాను చుట్టూ మళ్ళీ చిగురేస్తుందని, ఏ చిగురు ఉంచాలో ఏది తీసెయ్యాలో ఏటా చూసుకోవాలని, నీళ్ళ వంతు ఒక్కటి తప్పినా ఎండిపోతుందని, ఇదంతా గెస్ట్‌హౌస్‌వాడు చేస్తాడా అని నిలదీసింది. షైస్తా తల వంచుకుని వింటోంది.

"ఇది మళ్ళీ కాయడానికి నాలుగేళ్ళు పడుతుంది" అంది నాదియా. "కాయలు నువ్వే నా చేతిలో పెట్టాలి. అప్పటిదాకా ఈ ఇల్లు వదిలి కదలడానికి వీల్లేదు."

షైస్తా తలెత్తింది. "ఎన్నేళ్ళు?"

బేరమాడుతోందనుకుంది నాదియా. "నాలుగు. ఒక్కరోజు కూడా తగ్గించను. ఈసారి అద్దె కాగితం నాలుగేళ్ళకే రాయిస్తాను, ఎట్లా పారిపోతావో చూస్తాను."

ఎనిమిదేళ్ళలో షైస్తాకు ఎవరూ నాలుగేళ్ళు అనలేదు. వీసా రెండేళ్ళు, మొగుడి మాట రెండేళ్ళు, స్కూల్లో చేర్చేటప్పుడు క్లర్కు కూడా ఎంతకాలం ఉంటారని అడిగి, ఆమె నసిగితే రెండేళ్ళనే రాసుకున్నాడు. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. నాలుగేళ్ళకు మదీహా ఇక్కడే పన్నెండో తరగతిలో ఉంటుంది. ముస్కాన్‌కు పన్నెండేళ్ళు వస్తాయి. ముర్తుజా రోజూ సాయంత్రం ఇదే గుమ్మంలో బూట్లు విప్పుతాడు. నాలుగు చలికాలాలు, నాలుగుసార్లు గులాబీలు.

షైస్తా మాను పక్కనే ఆ బురదలో చతికిలబడింది. బొబ్బలెక్కిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఏమీ సర్దకుండా, ఏమీ తుడవకుండా. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే వాటినీ తుడుచుకోలేదు. నాదియా కంగారుపడింది. మరీ గట్టిగా తిట్టానా అన్నట్టు ముర్తుజా వైపు చూసింది. అతను భార్య దగ్గరికి పోయి, లోపలికి రమ్మని, బట్టలు తడిసిపోతున్నాయని చెయ్యి అందించాడు.

షైస్తా ఆ చెయ్యి పట్టుకుంది గానీ లేవలేదు.

"ఆగు జీ" అంది. "కాసేపు కూర్చుంటా."